విహార నౌకలు: శిక్షణ యెవరిది? పరీక్ష యెవరిది?

నీటిపై విహరించు వేడుక మన ప్రజలకు క్రొత్తది కాదు. సాయంకాలమున పనులు చాలించుకొని అమీరుపేట, పంజగుట్టల నుండి సోమాజిగూడ మీదుగా హుసేను సాగరపు గట్టునకు చేరు జనసందోహమును చూచినవారికి ఈ సంగతి వేరుగ చెప్ప నక్కరలేదు. బిడ్డలను చేతబట్టుకొని, రేవున నిలిచి, టిక్కెట్టు కొని, పడవ యెక్కి, నడిచెరువులోని బుద్ధవిగ్రహమును దర్శించి వచ్చుట యిచటి కుటుంబములకొక యాచారమైనది. ఈ వేడుకను మేము నిరసింపము. దినమంతయు పొగయందును, రొదయందును మెలగు నగరవాసికి నీటిగాలి యొకింత సేద తీర్చుచున్నదనిన సంతోషింపవలసినదే.

అయిన నొక ప్రశ్న యున్నది. పంజగుట్ట కూడలిలో మోటారు సైకిలు నడుపు యువకుని పోలీసువాడు నిలిపి లైసెన్సు చూపుమనును. చూపలేకున్న జరిమానా విధించును. ఆ యువకుడే మరునా డొక మోటారు పడవను కొని, పదుగురు మిత్రుల నెక్కించుకొని, నగరమునకు వెలుపల నేదేని చెరువులో దిగినచో నాపువా డెవడు? వానికి పడవ నడుపుట నేర్పినవా రెవరు? నేర్చెనని తేల్చినవా రెవరు? నడుపవచ్చునని సెలవిచ్చినవా రెవరు? శిక్షణ, పరీక్ష, లైసెన్సు అను నీ మూడు పనులును ఎవరి చేతులలో నుండవలెనో విచారించుట యీ వ్యాసమున మా యుద్దేశము.

సాగరము స్వభావము

హుసేను సాగరము 16వ శతాబ్దిలో ఇబ్రహీం కుతుబ్ షా ప్రభుత్వకాలమున నిర్మింపబడిన తటాకము. నాడు త్రాగునీటికి, సాగునీటికి తవ్వించినది నేడు విహారస్థలమైనది. కూకటుపల్లి, బాల్కాపురము, బంజారా, పికెటు నాలాలు నాలుగును దానిలో పడుచున్నవి. నగరమధ్యమున నున్నదను కారణమున దీనిని ఉద్యానవనములోని కొలనుగా తలచువారు పెక్కుమంది. అది పొరపాటు. 1990 మార్చి నెలలో ఏకశిలా బుద్ధవిగ్రహమును గట్టునుండి నీటినడుమనున్న పీఠమునకు చేర్చుచుండగా, దానిని మోయు పెనుతెప్ప యొరిగి, విగ్రహము నీటిపాలైనది. పలువురు ప్రాణములు కోల్పోయిరి. 1992 డిసెంబరున గాని ఆ విగ్రహము పీఠమెక్కలేదు. 2025 జనవరి 26వ తేదీ రాత్రి, ఉత్సవ సందర్భమున బాణసంచా కాల్చుటకై నీటిమీదికి కొనిపోయిన పడవలకు నిప్పంటుకొనినది. అప్పుడును ప్రాణనష్టము కలిగినది. తెప్ప మోయగల బరువెంత, పడవపై నుండదగిన వస్తువేది, ఉండరానిదేది అను జ్ఞానము పుస్తకములోని చిక్కుసమస్య కాదు. అది యీ గట్టుననే ప్రాణములతో వెలకట్టబడిన జ్ఞానము.

ఈ సాగరముననే మరియొక దృశ్యము కూడ కలదు. సైనికుల ఇ.ఎం.ఇ. సెయిలింగు సంఘము, సికింద్రాబాదు సెయిలింగు క్లబ్బు, హైదరాబాదు యాటు క్లబ్బు ఇచట తెరచాప పడవల విద్యను నేర్పుచున్నవి. దేశము నలుమూలల నుండి వచ్చిన నావికులు లేజరు తరగతి పందెముల నిచట ఆడుచున్నారు. నగరములోని పేద కుటుంబముల బాలబాలికలు సైత మీ విద్య నభ్యసించి జాతీయ స్థాయిని బహుమతు లార్జించిరి. గాలి యెటు తిరిగెనో కనిపెట్టి, తెరచాప దించుటయా నిలుపుటయా యని క్షణములో నిర్ణయించుకొనుట ఆ పిల్లలకు తెలియును. కావున విద్య మనయొద్ద లేదనుటకు వీలులేదు. విద్య యున్నది, నేర్పువారున్నారు. లేనిది యేర్పాటు.

నదులు చెప్పిన పాఠము

ఏర్పాటు లేమి ఫలమేమో మన రెండు మహానదులును మనకు చూపినవి. 2017 సెప్టెంబరులో జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థవారు పడవల భద్రతను గూర్చి మార్గదర్శకములను ప్రకటించిరి. ఆ కాగితముల సిరా యారకమునుపే, నవంబరు 12వ తేదీని, ఇబ్రహీంపట్నము చెంత కృష్ణానదిలో పవిత్ర సంగమమునకు పోవుచున్న విహారనౌక బోల్తాపడి ఇరువదిమందికి పైగ మరణించిరి. వారిలో ననేకులు ఒంగోలు నుండి కార్తికమాసపు వేడుకకై వచ్చినవారు. ఆ పడవకు తగిన యనుమతి లేదని పిమ్మట తేలినది.

2019 సెప్టెంబరు 15వ తేదీని, గోదావరి వరదమీద నున్న దినమున, దేవీపట్నము మండలము కచ్చులూరు చెంత పాపికొండల యాత్రికుల లాంచీ మునిగిపోయినది. ఇరువదియార్గురు బ్రతికిరి, ఏబదిమంది దాపున ఇండ్లకు తిరిగిరాలేదు. ఆ బ్రతికినవారిని గట్టు చేర్చినవారు సమీపగ్రామముల గిరిజనులు, పడవవాండ్రు. మునిగిన లాంచీని అక్టోబరు 22వ తేదీని నదీగర్భమునుండి వెలికితీసినది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యముగారి బృందము. తాళ్లను, కొక్కెములను నమ్ముకొని, ప్రవాహమును చదివి, పడవ యెచట నున్నదో నిర్ణయించి బయటికి లాగిన యా విద్య యే పాఠశాలలో నేర్చినది? ఈ ప్రశ్నకు మరల రాగలము.

ఇతర రాష్ట్రముల సంగతియు నింతే. 2023 మే 7వ తేదీని కేరళలోని తానూరున విహారనౌక మునిగి 22 మంది మరణించిరి. చేపల పడవనే మార్చి విహారనౌకగా నడిపిరని విచారణలో వెల్లడియైనది. 2024 జనవరి 18వ తేదీని వడోదర నగరమున, ఊరినడుమ నున్న హర్ణీ చెరువులో, విద్యార్థులు పన్నిద్దరు, ఉపాధ్యాయినులిద్దరు జలసమాధి యైరి. ఆ చెరువు మహానదియు కాదు, సముద్రమును కాదు. మన సాగరము వలె గట్టుననుండి ఆవలిగట్టు కానవచ్చు నీరే. పరిమితికి మించి యెక్కించుకొనుట, లైఫు జాకెట్లు అందరికి తొడుగకుండుట అచట ప్రధాన కారణములుగా కనబడినవి.

ఇట్టి ప్రతి దుర్ఘటన తరువాతను జరుగు తంతు పాఠకులకు సుపరిచితమే. విచారణ సంఘము నియమింపబడును, నష్టపరిహారము ప్రకటింపబడును, కొన్ని దినములు పడవలు నిలిచిపోవును. నీరు జలవనరుల శాఖది, పడవ పర్యాటక శాఖది, పత్రము ఓడరేవుల శాఖది, శాంతిభద్రతలు పోలీసువారివి, శవపంచాయతీ రెవెన్యూవారిది. ఇందరు కర్తలున్నచోట బాధ్యుడొక్కడును కానరాడు. పదుగురు కాపరులున్న మంద తోడేలు పాలగుట మన పల్లెల వా రెరిగిన సత్యమే కదా!

చట్ట మేమనుచున్నది?

చట్టము లేదని యెవరును భ్రమపడవలదు. పొగయోడల కొరకు 1884లో నొక శాసనము, దాని స్థానమున 1917లో అంతర్దేశీయ నౌకల శాసనము ఆంగ్లప్రభువులు చేసిరి. కృష్ణా గోదావరీ కాలువల పడవలకు 1890 నాటి మద్రాసు కాలువలు, బల్లకట్టుల శాసనము వేరుగ నుండెను. వారి దృష్టి సరకు రవాణామీదను, రేవు పన్నులమీదను నుండెనే గాని, ఆదివారము నాడు బిడ్డలతో పడవ యెక్కు సామాన్యుని మీద లేదు. ఉండునని యాశించుటయు తగదు. వింతయేమనగా, ఆ 1917 నాటి శాసనమునే స్వతంత్ర భారతము డెబ్బదినాలుగేండ్లు మోసినది. 2021లో గాని మన పార్లమెంటు క్రొత్త శాసనము చేయలేదు.

ఈ క్రొత్త శాసనము మేలైనదే. యంత్రముతో నడుచు ప్రతి నౌకకును నమోదు, పరిశీలన తప్పనిసరి చేసినది. నడుపువానికి సామర్థ్యపత్ర ముండవలెననినది. శిక్షణ యెట్లుండవలెనో, పరీక్ష యెట్లు జరుగవలెనో ప్రమాణములు నిర్ణయించుట కేంద్రమునకు, పత్రము లిచ్చుట రాష్ట్రములకు అప్పగించినది. చేతితో నడుపు పడవల వివరములు జిల్లా, తాలూకా, పంచాయతీ స్థాయిలో వ్రాయించుటకు దారి చూపినది. కాని చట్టము గ్రంథమున నుండిన చాలదు; రేవునకు దిగిరావలెను. వర్తకనౌక సరంగునకు, సెలవుదినమున మోటారు పడవ నడుపు గృహస్థునకు గల భేదమును గుర్తించి, విహారనౌకల కనువైన పద్ధతిని రాష్ట్రములు తీర్చిదిద్దవలసి యున్నది. ఆ పని చేయునప్పుడు మూడు పనులను ఒక్కచేతిలో నుంచు పొరపాటు జరుగకూడదని మా మనవి.

అమీరుపేట నేర్పు నీతి

దీనికి దృష్టాంతము దూరమున వెదకనక్కరలేదు. అమీరుపేట మైత్రీవనము చుట్టుప్రక్కల కంప్యూటరు విద్య నేర్పు శాల లెన్ని గలవో లెక్కించుట కష్టము. ఒక్కొక్క మేడ మీద పదేసి బోర్డులు. తెలుగు జిల్లాలన్నిటి నుండి వచ్చిన యువకులు మెట్లమీద నిలిచి పాఠము లప్పగించుకొనుచుందురు. ఇందు ఉత్తమ గురువులు గలరు, డబ్బు గుంజువారును గలరు. పాఠశాలవా డిచ్చిన యోగ్యతాపత్రమును చూచి మాత్రమే యే కంపెనీవాడును ఉద్యోగ మిచ్చుట లేదు. వేరొకరు పరీక్షించవలెను. నేర్పినవాడే పరీక్షించి, పరీక్షించినవాడే పట్టా యిచ్చునెడల, ఆ పట్టా రుసుము చెల్లించినట్టి రసీదు మాత్రమే యగును.

మన వకీళ్లను చూడుడు. కళాశాల బోధించును, విశ్వవిద్యాలయము పరీక్షించును, న్యాయవాదుల మండలి పేరు నమోదు చేయును. ఎవరి పని వారిది. ఒకరి తప్పును మరియొకరు పట్టుకొందురు. రహదారి విషయమున మాత్ర మీ కట్టు సడలినది. 2021 జూలై నుండి, గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రమున వాహనము నడుపుట నేర్చి యుత్తీర్ణుడైన వానికి రవాణా కార్యాలయపు పరీక్ష నవసరము లేకుండ చేసిరి. కార్యాలయముల రద్దీ తగ్గుటకు, లంచములు తొలగుటకు నీ మార్పు చేసిరని చెప్పుదురు. ఉద్దేశము మంచిదే. కాని రుసుము పుచ్చుకొని నేర్పిన చేయియే నీవు నేర్చితివని తీర్పు చెప్పుట ప్రమాదకరము. రహదారిపై బండి యాగిపోయినచో దిగి నడువవచ్చును. నడియేట నట్లు సాధ్యము కాదు. పడవల విషయమున ఈ పద్ధతి ననుసరింపరాదు.

పరదేశముల పద్ధతులు

విదేశముల నుండి గ్రహింపదగినది గ్రహించుట తప్పు కాదు. ఇంగ్లండున సొంత విహారమునకు పడవ నడుపువానికి లైసెన్సు నిర్బంధము లేదు. 1875లో స్థాపితమైన రాయల్ యాటింగు అసోసియేషను తన శిక్షణక్రమమును నడుపుచున్నది. జనులు స్వచ్ఛందముగా నేర్చుకొనుచున్నారు. తరతరములుగా పాతుకొనిన క్లబ్బుల కట్టుబాట్లు అచట గలవు గనుక అది చెల్లినది. అట్టి కట్టుబాటు లేనిచోట స్వేచ్ఛ మాత్రమే తెచ్చుకొనిన, తలకట్టు లేని తలపాగా వలె నుండును.

కెనడావారు 1999లో ఆరంభించి, క్రమక్రమముగా 2009 నాటికి, మోటారు పడవ నడుపు ప్రతివానికిని ఒక పత్రము నవసరము చేసిరి. అకస్మాత్తుగా కొరడా ఝళిపింపక పదేండ్ల వ్యవధి యిచ్చుట మెచ్చదగినది. కాని వారి పరీక్ష వ్రాతపరీక్ష. నీటిమీద చేసి చూపనక్కరలేదు. పాఠము చెప్పు ప్రైవేటు సంస్థలే పరీక్షయు నిర్వహించును. ఒకసారి వచ్చిన పత్రము జీవితాంతము చెల్లును. ఇందు మనకు వలసినది వ్యవధి యొక్కటియే. అమెరికాలోని అలబామా రాష్ట్రము 1994లో చేసిన చట్టముచే పడవ లైసెన్సును మోటారు లైసెన్సు మీదనే గుర్తువేయించు పద్ధతిని తెచ్చినది. క్రొత్త కార్యాలయము తెరువక, ఉన్నదానితోనే పని గడుపుకొనుట అందలి యుపాయము.

మాకు మిక్కిలి నచ్చినది జర్మనీ పద్ధతి. అచట శిక్షణ యెవరైన నీయవచ్చును. పరీక్షను మాత్రము ప్రభుత్వము రెండు నావికసంఘములకు అప్పగించి, వాటిపై తన పర్యవేక్షణ నుంచుకొన్నది. అభ్యర్థి వ్రాతపరీక్షలోనే గాక, నీటిమీద చుక్కాని పట్టి చూపి నెగ్గవలెను. బోధన కందరు, పరీక్ష కొక్కరు, వారిపై ప్రభుత్వము: ఈ మెట్లు మూడును స్పష్టముగా నున్నవి.

మా సూచనలు

కావున మేము సూచించునది యిది. శిక్షణ ద్వారమును విశాలముగా తెరచి యుంచవలెను. సాగరము మీది క్లబ్బులు, సైనిక సంఘములు, గోవాలోని జాతీయ జలక్రీడా సంస్థ, ప్రైవేటు శాలలు, అనుభవజ్ఞులగు సరంగులు, వీరందరును నేర్పవచ్చును. ఎచట నేర్చితివని యడుగ నక్కరలేదు; నేర్చితివా యనియే యడుగవలెను.

పరీక్షకు మాత్రము ఒకే మండలి యుండవలెను. దానిలో నావికవిద్య తెలిసినవారు, యంత్రములు తెలిసినవారు, నదిలో పుట్టి పెరిగినవారు నుండవలెను. పడవలు నడిపి లాభము గడించు యే శాఖయు, యే కంపెనీయు అందు ఓటు కలిగియుండరాదు. ప్రభుత్వ పర్యాటక సంస్థయైనను పడవల యజమాని యగునెడల తన సరంగును తానే పరీక్షించుకొనరాదు. కృష్ణా గోదావరులు రెండు తెలుగు రాష్ట్రములకును ఉమ్మడి సొత్తు గనుక, నాగార్జునసాగరమున నొక ప్రమాణము, పాపికొండల నొక ప్రమాణము నుండుట తగదు; ఉభయ ప్రభుత్వములును ఒక్క ప్రమాణము నంగీకరింపవలెను.

లైసెన్సు ప్రభుత్వ మీయవలెను; తీసివేయు అధికారము ప్రభుత్వమునకే యుండవలెను. పంజగుట్ట ప్రక్కనే ఖైరతాబాదున రవాణా కార్యాలయమున్నది. మోటారు పత్రములు భద్రపరచు యేర్పాటు లచట నున్నవి. మండలి పంపిన ఫలితము చూచి, ఆ కార్యాలయమే లైసెన్సుపై నావికుడని గుర్తు వేయవచ్చును.

అందరకును ఒకే పరీక్ష పెట్టుట న్యాయము కాదు. చిన్నచెరువులో త్రొక్కుడు పడవ నద్దెకు తీసికొని యరగంట తిరుగువానికి లైసెన్సు వలదు. ఆ పడవ నద్దెకిచ్చువాడు రక్షణపడవ నొకదానిని, ఈదగల మనిషి నొకనిని సిద్ధముగా నుంచిన చాలును. సొంత మోటారు పడవలో కుటుంబమును త్రిప్పు గృహస్థునకు ప్రాథమిక పరీక్ష కావలెను. టిక్కెట్టు పుచ్చుకొని యాత్రికుల నెక్కించుకొను సరంగునకు పూర్తి పరీక్షయు, ఐదేండ్ల కొకమారు కంటిచూపు, ఆరోగ్యముల పరిశీలనయు కావలెను. నదిమీద నైనచో, అతడు నడుపు మార్గమును గూర్చి వేరుగ పరీక్షింపవలెను. హుసేను సాగరమున నేర్చిన చేయి గోదావరి సుడిగుండములలో పనికివచ్చునని తలచుట అవివేకము.

ఇక పరీక్షలో నేమడుగవలెను? నీట పడిన మనిషి నెట్లు పైకి తీయుదువు? ఇంజను నిలిచిపోయిన నేమి చేయుదువు? నిప్పంటుకొనిన నెటు మరలుదువు? జనులందరు ఒకప్రక్కకు లేచిన నేమగును? ఎక్కించుకొన్నవారి లెక్క యెట్లుంచుదువు? వీటి యన్నిటికంటె మిన్నయగు ప్రశ్న మరియొకటి గలదు: ఎట్టి దినమున పడవ కదలింపవు? యజమాని త్వరపెట్టినను, యాత్రికులు కేకలు వేసినను, వరద చూచి ‘నేడు పోరాదు’ అని చెప్పగలవాడే సరంగు. అట్లు చెప్పిన సరంగును పనినుండి తొలగించు యజమానికి శిక్ష యుండవలెనని చట్టమున వ్రాయింపవలెను. అది లేనిచో పరీక్షలెన్ని యున్నను నిష్ప్రయోజనమే.

ఆక్షేపణలు

దీనివలన మరియొక లంచముల గవాక్షము తెరువబడునని కొంద రందురు. ఆ భయము నిరాధారమని మే మనము. అందువలననే పనులను మూడుచేతుల కీయవలెననుచున్నాము. మూడుచోట్ల లంచమిచ్చుట యొక్కచోట నిచ్చుటకంటె కష్టము. పరీక్ష బహిరంగముగా, రేవునందు, పదుగురు చూచుచుండగా జరిగినచో అన్యాయమున కవకాశము మరింత తగ్గును.

రెండవ యాక్షేపణ యింతకంటె గురుతరమైనది. ఇంగ్లీషు ప్రశ్నపత్రములు పెట్టి, వేల రూపాయల రుసుము విధించి, తాతతండ్రుల నాటినుండి నీటిని నమ్ముకొని బ్రతుకు గంగపుత్రులను, బెస్తలను, జాలరులను, పల్లెకారులను తొలగించి, వారి రేవులను ధనికుల కప్పగింతురా యని. ఇట్లు జరిగిన నంతకు మించిన ద్రోహము లేదు. కచ్చులూరున ప్రాణములు కాచినవారును, మునిగిన లాంచీని తీసినవారును నీటిమీద బ్రతుకు నేర్చినవారే గాని పట్టాలు చూపినవారు కారు. కావున పరీక్ష తెలుగునను, ఉరుదూనను, నోటితో జరుగవలెను. రుసుము నామమాత్రముగా నుండవలెను. పదేండ్లు చుక్కాని పట్టినవానిని నీటిమీద చేసి చూపుమని మాత్రమే అడుగవలెను. అట్టివారిలో పెద్దలను పరీక్షకులుగా నియమించిన, మండలికి గౌరవము, పరీక్షకు ప్రాణము కలుగును.

ప్రజల ధర్మము

మన పాఠకులలో భూస్వాములున్నారు. తమ తోటలలోను, పొలములలోను చెరువులు గలవారున్నారు. పెండ్లివిందులకు వచ్చిన యతిథులను పుట్టియందో పడవయందో త్రిప్పుట నేడు వేడుకయైనది. చెరువు నీ సొంతమైనను అందు దిగిన ప్రాణము నీ సొంతము కాదు. చేతిపడవల లెక్క పంచాయతీలకు వచ్చునపుడు ఆ పంచాయతీలలో పెద్దరికము వహించువారు మీరే గనుక, మీ పడవను ముందుగా వ్రాయించి దారి చూపుడు.

పట్టణవాసుల బాధ్యతయు తక్కువ కాదు. లైఫు జాకెట్టు బట్టలు నలిపివేయునని, చిత్రపటములు బాగుగా రావని విసరివేయు విద్యావంతులను మనము చూచుచున్నాము. నిండిన పడవలోనికి మరి యిద్దరు చాలునని చొచ్చుకొని పోవువారును మనవారే. 2020 అక్టోబరులో హైదరాబాదు వీధులును, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలును నీట మునిగినపుడు పడవలే గతియైనవి. వానలు ముంచెత్తు కాలమున పడవ నడుపనేర్చుట విలాసము మాత్రమే కాదు, పౌరునకు కావలసిన విద్య. నాడు ప్రతి వాడలోను నలుగురు శిక్షితులైన నావికు లున్నచో ఎన్ని కుటుంబములు త్వరగా గట్టెక్కియుండునో యోచింపుడు.

పరాయి ప్రభుత్వము మన కాలువలను పన్నుల కొరకు కాపాడినది. మన ప్రభుత్వము మన ప్రాణముల కొరకు కాపాడవలెను. మరియొక కార్తికమాసము, మరియొక సెలవుదినము రాకమునుపే ఉభయరాష్ట్ర ప్రభుత్వములును నిపుణులను, పడవవాండ్రను సమావేశపరచి, శిక్షకుని, పరీక్షకుని, అనుమతిదాతను వేరుపరచి, విహారనౌకల నిబంధనలను ప్రకటింపవలెనని కోరుచున్నాము. అందాక పడవ యెక్కు ప్రతివాడును సరంగు వంక చూచి ‘అయ్యా, మీ పత్రమేది?’ అని యొక్కమా రడుగుట అలవాటు చేసికొనవలెను. అడుగువారు లేనందుననే చూపువారు లేకపోయిరి.